ఒంటికన్ను కొలత

తారానగర్‌లోని మా నెట్ టవరెక్కాక పెద్ద మెకానిక్ వెంటనే మీటరు ముట్టేవాడు కాదు. ముందు ఎడమకన్ను మూసి, బొటనవేలు చాచి, డిష్ గురిపెట్టాల్సిన చోరనూరు వైపు చూసేవాడు. "మొదట చూపు కలవాలప్పా, ఆమీదే సిగ్నల్" అనేవాడు. "పెళ్లిచూపులైనాయా?" అని కింద ల్యాప్‌టాప్‌తో కూర్చున్న నేను అరిచేవాణ్ని.

ఆ వేసవిలో చోరనూరుకు నెట్ నత్తలా పాకింది. డిష్ పక్కకు తిరిగిందని, బిగించిన ఆయనదే తప్పని మా ఓనరు తేల్చేశాడు. ఆయన మూడుసార్లు ఎక్కి, డిష్ మీది ఎర్రధూళి తువ్వాలుతో తుడిచి దిగాడు. బ్రూస్‌పేట ఆఫీసుకొచ్చి చెప్పాడు.

"డిష్ సరిగానే ఉండాది సార్. మీ అల్లుడు పక్కనే పెట్టిన కొత్త డిష్ కూడా అదే ఛానల్‌లో ఉండాది. రెండూ ఒకదాని మీదొకటి అరుస్తాండాయి."

ఓనరు నావైపు తిరిగాడు. "నువ్వేమంటావప్పా?"

ఆయన చెప్పింది నిజమేనని నా ల్యాప్‌టాప్ కూడా చూపిస్తోంది. కానీ అల్లుణ్ని తప్పుపట్టే ధైర్యం లేక నా నోరు జోకు వెతుక్కుంది.

"ఒక కన్నుతో చూసి బిగిస్తే సగం స్పీడే కదా సార్ వచ్చేది!"

ఆఫీసంతా నవ్వింది. ఆయన కూడా కొంచెం నవ్వాడు. సాయంత్రం టవరెక్కే బెల్టు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఓనరు మళ్లీ పిలవలేదు.

మర్నాడు కుర్చీలోంచి లేవకుండానే ల్యాప్‌టాప్‌లో అల్లుడి డిష్ ఛానల్ మార్చేశాను. కాసేపటికే చోరనూరు నుంచి ఫోన్. "నెట్ పరిగెత్తుతాండాదప్పా! మీ ఒంటికన్ను మామ బాగుచేసినాడా?"

"లేదప్పా, నేనే చేసినా" అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.