వలయంలో నా వంతు

విక్కా గురించి ఏడాదిగా లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని చదువుతున్నాను. ప్రకృతినే దేవతగా కొలిచే, మంత్రగత్తెల మతమని పేరున్న ఆ దారిలోకి వెళ్ళాలని ఒకటే తపన. బడికి పంపకుండా ఇంట్లోనే చదువూ పూజా నేర్పిన అమ్మకు ద్రోహం చేస్తున్నానేమోనని బెంగ. ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఈ పరాయి దేశంలో మేముండే సార్నియాలోనే ఒక రిటైర్డ్ నర్సు గారి పెరట్లో పూజ ఉందనీ, కొత్తవాళ్ళూ రావచ్చనీ తెలిసింది. మా ఆయన కారులో దింపుతూ, "చీపురు తెచ్చుకున్నావా? సాయంత్రం నన్ను రమ్మంటావా, ఎగిరొచ్చేస్తావా?" అన్నారు.

అందరం వలయంగా నిలబడ్డాం. దేవతను పిలిచాక, యాపిల్ రసం పోసిన వెండి కప్పు చేతులు మారుతూ వచ్చింది. ఒక్కొక్కరూ పెదవులు ఆనించి తాగుతున్నారు. ఎంగిలి! తాగకపోతే వాళ్ళను చిన్నబుచ్చినట్టు, తాగితే అమ్మను మరచినట్టు. చివరికి ఇంట్లో మంచినీళ్ళు తాగినట్టే ఎత్తి పోసుకున్నాను. సగం గొంతులోకి, సగం కోటు మీదకి.

ఎవరో కిసుక్కున నవ్వారు. "అలా తాగడం నాకూ నేర్పాలి నువ్వు," అన్నారు నర్సు గారు.

ఆ చనువుతో అడిగేశాను: "మా దేవుళ్ళను వదిలేయాలా?"

"చెప్పడానికి నేనెవర్ని? ఏడాదీ, దాని పైన ఇంకొక్క రోజూ మాతో కూర్చుని నేర్చుకో, అదే మా లెక్క. దీక్ష మాట ఆ తర్వాతే. ఈలోపు నువ్వూ వద్దనొచ్చు, మేమూ వద్దనొచ్చు."

ఆ మాటకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అయినా అమ్మ గుర్తొచ్చి మనసు కుదుటపడలేదు.

కారెక్కగానే "ఏమైంది?" అన్నారు మా ఆయన.

"వచ్చే నెల కూడా దింపాలండీ," అన్నాను. కోటు మీది మరక తుడుచుకుంటూ కూర్చున్నాను.