నీడలో పెట్టిన సోలార్ కుక్కర్

ఎనభైల మొదట్లో జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో సోలార్ కుక్కర్లు అమ్మే ఉద్యోగం నాది. మూడు నెలలైనా ఒక్కటీ అమ్మలేదు. ఆ వారం కూడా అమ్మకపోతే ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు.

కోహీర్‌లో ఒక పటేల్ గారి వాకిట్లో, సూర్యుడు నాకు స్వయానా మేనమామ అన్నంత ధీమాగా, అద్దాల మూత ఉన్న ఆ పెట్టెలో బియ్యం, పప్పు పెట్టి ఎండలో ఉంచాను. "మూడు గంటల్లో భోజనం. కట్టెలొద్దు, పొగ రాదు" అని ప్రకటించి, సగం జిల్లాను పిలుచుకొచ్చాను.

వచ్చేసరికి పెట్టె పశువుల కొట్టంలో ఉంది. అందరి ముందూ మూత తీస్తే బియ్యం పచ్చిగా నీళ్లలో ఈదుతున్నాయి.

"నేనే నీడకు పెట్టిపిచ్చిన బిడ్డా," అంది పటేల్ గారి తల్లి. "గింత ఎండల వెడ్తే అన్నం పాశిపోదా? జర సోయి ఉండాలె."

ఊరంతా నవ్వింది. బర్రెలు కూడా నవ్వాయని నా అనుమానం. ఉద్యోగం పోయినట్టేనని పెట్టె సర్దుతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడికి తీస్కపోతవ్? మూత గట్టిగున్నది. మా ఇంట్ల పిల్లి రోజూ పాలు తాగిపోతున్నది. గిండ్ల దాచిపెట్టుకుంట, పైసలిస్త, ఇచ్చిపో."

అలా నా ఉద్యోగాన్ని నిలబెట్టింది సూర్యుడు కాదు, పిల్లి. అప్పటినుంచి ఏ గడపకు వెళ్లినా, ఎండ గొప్పతనం చెప్పే ముందు "మీ ఇంట్లో పిల్లి ఉందా అమ్మా?" అని అడిగేవాణ్ణి.