ఎల్లమ్మ కత్తికి నేనేసిన పిడి

ఆ రోజుల్లో మా వైపు కొత్త అల్లుడి నోట "రాదు", "తెల్వదు" అనే మాటలు రాకూడదు. అత్తగారింట్లో బండి ఇరుసు విరిగినా, రేడియో మూగబోయినా, బావిలో బొక్కెన పడినా అందరూ ఒకసారి అల్లుడి ముఖం వైపు చూసేవారు. అల్లుడు లుంగీ సర్దుకుని "అదెంత పని" అనాలి. ఆ తర్వాత ఆ పని తెలిసిన మనిషి కోసం చాటుగా ఊరంతా తిరగాలి. నేనూ ఆ మర్యాదలోనే పెరిగాను. అయిజ దగ్గర మాకు కాస్త మెట్ట పొలం ఉన్నా, చదువు పేరుతో నన్ను వనపర్తి పంపడం వల్ల నాగలి పట్టాల్సిన వయసులో నేను దువ్వెన పట్టాను. డిగ్రీ అయ్యాక అక్కడే ఒక విత్తనాల దుకాణంలో కుదిరాను. అక్కడ నా చేతులు చేసిన అతి కష్టమైన పని సంచి మూతికి కుట్టిన దారం విప్పడం. (అదీ కత్తెరతో.) అలాంటి చేతులు ఒకసారి కత్తికి పిడి వేశాయి. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

మా పెళ్లయిన ఏడాది ఎండాకాలంలో, అమరచింత అవతల ఉన్న అత్తగారి ఊళ్లో ఎల్లమ్మ పండుగ పెట్టుకున్నారు. కొత్త జంట చల్లగా ఉండాలని మా ఇద్దరి పేరు మీద యాటను, అంటే మేకపోతును, మొక్కుకున్నారు. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, యాట తల ఒక్క వేటుకే తెగాలి. రెండో వేటు పడిందంటే ఎవరి పేరు మీద మొక్కారో వాళ్ల సంసారానికి కీడు. ఎప్పుడో వాళ్ల ముత్తాతల కాలంలో అలా రెండో వేటు పడిందట, ఆ జంట ఏడాది తిరక్కుండా చెరో దారి పట్టిందట. ఈ విషయం మా అత్తమ్మ నాకు అన్నంలో నెయ్యి వేస్తూ చెప్పింది. ఆ నెయ్యి నాకు గొంతు దిగలేదు. కీడు, శకునం లాంటివి నేను నమ్మనని కాలేజీలో వాదించిన మాట నిజమే, కానీ అప్పటికి నాకు పెళ్లి కాలేదు.

వేటు వేసేది మా మామగారి అన్న, నాకు పెద్దమామ. ఊళ్లో ఆయన్ని 'ఉరుము' అనేవారు (ఆయన ఊళ్లో లేనప్పుడు). ఆయన గొంతు సవరించుకుంటే వాకిట్లో కోళ్లు గంప కిందికి పోయేవి. పెళ్లిలో నా కాళ్లు కడుగుతుంటే పక్కన నిలబడి నా పాదాలను తేరిపార చూసి, "శానా మెత్తగున్నయి" అన్నాడు. అంతకుమించి ఆయన నాతో మాట్లాడింది లేదు, నేను మాట్లాడించే ధైర్యం చేసిందీ లేదు.

పండుగ దగ్గర పడ్డాక, అటక మీద ఎర్రగుడ్డలో చుట్టి దాచిన ఎల్లమ్మ కత్తిని దించారు. మూరెడు పొడవు, అరచేతి వెడల్పు. ఏడాదిలో ఆ ఒక్క పనికి తప్ప దాన్ని కొబ్బరికాయకు కూడా వాడరు. పెద్దమామ పిడి పట్టుకోగానే అది కాస్తా పిండిలా రాలిపోయింది. పురుగు లోపలంతా తినేసి పైతోలు మాత్రం మర్యాదగా మిగిల్చింది. ఊళ్లో కట్టెపని చేసే వడ్లాయనను పిలుద్దామంటే, ఆయన కూతురి పురుడుకని గద్వాలకు వెళ్లాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అలవాటు ప్రకారం అందరి చూపులూ నా మీద పడ్డాయి. ఆ చూపుల్లో మరదళ్లవి కూడా ఉండటమే నా కొంప ముంచింది.

"గదెంత పని పెద్దమామా, నేనేస్త" అన్నాను.

ఆయన నా పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా చూశాడు. "నీకొస్తదా అల్లుడా?"

"మా తాత గివే పనులు చేస్తుండె" అన్నాను. (మా తాత జీవితమంతా చేసిన పని రచ్చకట్ట మీద పంచాయితీలు చెప్పడం.) తలుపు వెనక నా భార్య నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

మొదట పెరట్లో పడి ఉన్న ఎండు తుమ్మ మొద్దు తీసుకున్నాను. బాడిసతో చెక్కబోతే అది రాయిలా ఉంది. దెబ్బ వేసినప్పుడల్లా బాడిస ఎగిరి నా మోకాలి వైపు వచ్చేది. కాసేపటికి అరచేయి బొబ్బలెక్కింది గానీ మొద్దుకు ఏమీ కాలేదు. అప్పుడు నా డిగ్రీ బుర్ర పనిచేసింది. చేను గట్టుకు వెళ్లి, పచ్చగా నవనవలాడుతున్న తుమ్మ కొమ్మ ఒకటి నరుక్కొచ్చాను. ఆహా, అది దోసకాయలా చెక్కుకు వచ్చింది! ఇంత సులువైన దారి ఉండగా ఊళ్లో వాళ్లంతా ఎండు కట్టెతో ఎందుకు కుస్తీ పడతారో అర్థం కాక వాళ్ల మీద జాలి కూడా పడ్డాను.

ఇక కత్తి వెనక ఉండే ఇనప తోకను నిప్పుల్లో ఎర్రగా కాల్చి కట్టెలోకి దింపాలి. అది లోపల తన చోటు తనే కాల్చుకుంటూ పోతుంది. కత్తి అలుగు వేడెక్కి పదును చెడకుండా తడిగుడ్డ చుట్టాలని మా ఆవిడే చెప్పింది, చుట్టింది కూడా ఆమే. ఎర్రటి తోకను పచ్చి కట్టెలో గుచ్చానో లేదో, బుస్సుమని ఆవిరి లేచి, నురగ కక్కుతూ రసం నా వేళ్ల మీద చిమ్మింది. పాము అనుకున్నానో, ఎల్లమ్మ అనుకున్నానో గుర్తులేదు కానీ, మొత్తం విసిరేసి గడప అవతలికి దూకాను. మా ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది. చివరికి పాత పిడి చుట్టూ కట్టులా ఉండే ఇనప పొన్ను తెచ్చి కొత్తదాని మూతికి తొడిగి, పిడి మడమను రాతికేసి కొట్టి బిగించి, పైన ఆముదం రుద్దితే చూడ్డానికి ముచ్చటగా తయారైంది. పెద్దమామ పట్టుకుని గాలిలో ఒకసారి విసిరి చూశాడు. "గట్టిగ కూసున్నది" అన్నాడు. ఆ మాటకు నేను ఆ సాయంత్రమంతా నేల మీద నడవలేదు.

పండుగ ముందు రోజు నా పనితనం నేనే ఇంకోసారి చూసుకుని మురుద్దామని, పొయ్యి దగ్గర గోడకు తగిలించిన కత్తిని తీశాను. లోపలెక్కడో 'టక్' మంది. ఊపాను. 'టక్ టక్' మంది. పొన్ను ఉంగరంలా తిరుగుతోంది. పిడి మీద వెంట్రుకవాసి చీలికలు. నా గుండె కూడా అదే టక్ టక్ మొదలుపెట్టింది. మా ఆవిడను పెరట్లోకి పిలిచి చూపించాను.

"ఆవిరి లేసినప్పుడె అనుకున్న, పచ్చి కట్టె కొట్టినవని" అంది గొంతు తగ్గించి.

"మెత్తగుండె..."

"మెత్తగుంటె కూరొండుకుంటరా? ఎండితె గుంజుకపోయి వదులైతదని తెల్వదా నీకు?"

"ఇప్పుడెట్ల?"

"మా నాయిన పార వదులైతె నీళ్లల్ల ఏస్తడు. కట్టె ఉబ్బి బిగుస్తది. మల్ల ఎండితె మల్ల గదే కథ."

"మీ పెద్దనాయినకు చెప్తమా?"

"చెప్పు, పో" అంది. నేను కదల్లేదు. "నువ్వు చెప్పరాదూ" అన్నాను. తనూ కదల్లేదు. పండుగ తెల్లారితే ఉంది, వడ్లాయన గద్వాలలో ఉన్నాడు, ఉరుము వాకిట్లో ఉంది. ఇక కత్తిని తీసుకెళ్లి బర్రె కుడితి తొట్టిలో ముంచాం. అప్పుడే బర్రెకు దాహమైంది. అది మూతి పెట్టబోవడం, దాని నాలుక తెగుతుందేమోనని నేను కొమ్ములు పట్టుకుని వెనక్కి తొయ్యడం, అది నన్ను పేడలోకి తొయ్యడం, ఇదంతా చూసిన అత్తమ్మ, "అల్లునికి గొడ్లంటె మస్తు పావురం" అని నా ప్రేమను పక్కింటావిడతో మెచ్చుకుంది.

తెల్లారి పిడి నిజంగానే బిగుసుకుంది. కానీ ఆ ఎండను తలుచుకుంటేనే నాకు నోరు ఎండుతోంది. ఎల్లమ్మ ఉండేది చేను గట్టున, నాలుగు రాళ్లు పేర్చిన గూట్లో. కత్తికి పసుపు కుంకుమ పెట్టి, సరిగ్గా మిట్టమధ్యాహ్నపు ఎండలో అమ్మ ముందు పెట్టారు. అమ్మవారి కథ పాడే బైండ్లాయన జమిడిక వాయిస్తూ, అమ్మ పుట్టక ముందు నుంచి కథ ఎత్తుకున్నాడు. అమ్మ పుట్టేసరికి కత్తి మీద తడి ఆరిపోయింది. అమ్మకు ఇంకా పెళ్లీడు రాలేదు, కథ చాలా ఉంది. నాకు ఆ పిడి లోపల కట్టె గుంజుకుపోవడం కనిపిస్తున్నట్టే ఉంది. వేటు ఎత్తగానే అలుగు ఊడి ఎగురుతుంది. ఎవరి మీద పడుతుంది? మొక్కు మాది కాబట్టి యాటకు ఎదురుగా నిలబడేది మేమిద్దరమే. ఎవరి మీదా పడకపోతే రెండో వేటు. ఎటు చూసినా మా సంసారమే.

ఇక ఆగలేకపోయాను. చెంబు తీసుకుని వెళ్లి, కళ్లు మూసుకుని, పిడి మీద ధారగా నీళ్లు పోశాను. జమిడిక ఆగిపోయింది.

"అల్లుడా, ఏం జేస్తున్నవ్?" ఉరిమింది.

"అమ్మను... చల్లవరుస్తున్న పెద్దమామా. మా దిక్కు గిట్లనే పోస్తరు" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. బైండ్లాయన మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా, అయిజ అల్లుడు అమ్మకు గంగ పోసెనని కథలో కలిపేశాడు. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. ఆడవాళ్లంతా చెంబులతో లేచారు. పెద్దమామ కత్తి చేతిలోకి తీసుకున్నాడు. పిడి పట్టుకుని మణికట్టు కొంచెం కదిపాడు. నా వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. నా ప్రాణం అప్పుడే సగం పోయింది. తర్వాత కత్తిని నా ముందుకు చాపి, "ఇంకింత పొయ్యి" అన్నాడు.

పోశాను. కానీ యాట ఒప్పుకోవాలి కదా. దాని మీద నీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించాలి, అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు. ఆ మేకపోతు రాయిలా నిలబడి, నెమరు వేస్తూ నన్నే చూసింది. ఎండ మాడ్చేస్తోంది. "ఏం తప్పు జరిగెనో" అని ఎవరో ముసలావిడ గొణిగింది. నా చేతిలో చెంబు ఒరిగి, మిగిలిన నీళ్లు సరిగ్గా దాని చెవిలో పడ్డాయి. అది ఒళ్లంతా జాడించింది. జనం కేకలు పెట్టారు, పెద్దమామ కత్తి ఎత్తాడు. నేను ఏం ఆలోచించానో చెప్పలేను. ఒక అడుగు పక్కకు జరిగి మా ఆవిడకు అడ్డంగా నిలబడ్డాను. అంతవరకు ఆమె నాకు పెళ్లిలో ఇచ్చిన భార్య, ఆ అడుగుతో నా మనిషైంది. వెనక నుంచి నా చొక్కాను గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకున్నాను.

ఒక్కటే చప్పుడు. రెండో చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. కళ్లు తెరిచేసరికి డప్పులు మోగుతున్నాయి, కత్తి పిడితో సహా పెద్దమామ చేతిలోనే ఉంది. నా ఒంట్లో అవయవాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

కత్తిని కడిగి ఇంటికి మోసే గౌరవం నాకే ఇచ్చారు. ఆ ఎండలో, అందరికన్నా ముందు, తలపాగా చుట్టుకుని నడిచాను. ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి చేయి తేలికైంది. అలుగు జారి గడప రాయి మీద ఖంగున పడింది, పిడి మాత్రం నా చేతిలో మిగిలింది. తిరిగి చూస్తే వెనకే పెద్దమామ. మిగతా జనం ఇంకా సందు మలుపులో ఉన్నారు. ఆయన వంగి, అలుగును ఎర్రగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"వచ్చేపారి ఎండు కట్టె కొట్టు అల్లుడా" అన్నాడు. ఆ గొంతులో ఉరుము లేదు.

"మీకు తెల్సా పెద్దమామా?"

"చేతిలకు తీస్కోంగనే తెల్సింది. గంతమందిల నిన్నేమనాలె? గందుకే పొయ్యిమన్న." తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "నువ్వొక్కనివే భయపడ్డవనుకున్నవా? కత్తి ఎత్తినంక నాకు గుండె గుబగుబలాడింది."

ఈ సంగతి ఆయన పోయేదాకా నేను ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు వడ్లాయన ఎండు కట్టెతో ఇనుములాంటి పిడి వేశాడు. అయినా పెద్దమామ అందరి ముందూ నాకు చెంబు అందించి, "పొయ్యి అల్లుడా" అన్నాడు. అలా అది ఆ ఇంటి ఆచారమైపోయింది. ఇప్పుడు కత్తికి కట్టె పిడే లేదు, ఇనప గొట్టం అతికించారు. దానికి నీళ్లు పోస్తే తుప్పు తప్ప ఏమీ పట్టదు. అయినా పండుగ వచ్చిందంటే కొత్త అల్లుడు చెంబుతో ముందుకు రావాల్సిందే, లేకపోతే ఆ ఊరి ముసలమ్మలు ఊరుకోరు. వాళ్లను అడిగితే తాతల కాలం నుంచి వస్తున్నదని చెబుతారు.

మొన్నటి పండుగకు ఆ చెంబు పట్టుకున్నది మా అల్లుడు. పట్నంలో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లాడు, పాదాలు నావాటికన్నా మెత్తన. అంతమంది జనాన్ని, ఆ కత్తిని, ఆ మేకపోతును చూసేసరికి చెంబును రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. మెల్లగా నా చెవి దగ్గరికి వంగి, "మామా, ఈ నీళ్లు ఎందుకు పోస్తరు?" అని అడిగాడు. పక్కనే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గొంతు సవరించుకున్నాను. (ఈ మధ్య నేను దగ్గినా కోళ్లు గంప కిందికి పోతున్నాయని అంటున్నారు.) తర్వాత వాడి భుజం మీద చేయి వేసి, "ఇంకింత పొయ్యి" అన్నాను.