వేవిళ్ళ బస్సు

ఆ రోజుల్లో ఆడపిల్ల కడుపుతో ఉందన్న మాట మూడో నెల నిండేదాకా ఇంటి గడప దాటకూడదు. ఇప్పటి పిల్లలు సంగతి తెలిసిన పూటే ఫోనులో పదిమందికీ చెప్పేసుకుంటారు, ఆ పదిమందీ వెంటనే పువ్వుల బొమ్మలు పంపిస్తారు. చూసి సంతోషిస్తాను, కొంచెం కుళ్ళుకుంటాను కూడా. నా మొదటి కడుపప్పుడు ఆ రహస్యం కాపాడే పని మా అత్త నాకు అప్పగించింది. నోరు మూసుకుని కాపాడాననే ఇప్పటికీ నా వాదన. కాకపోతే ఆ నోరే రోజూ పొద్దున్న తొమ్మిది కాకముందే బస్సెడు జనం ఎదుట తెరుచుకునేది. అది నా చేతిలో లేని పని.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గిరిసోల స్టేషను పక్కన రైల్వే క్వార్టర్లో పెరిగినదాన్ని. టీచరు ట్రైనింగు అవగానే దిగపహండి బడిలో తెలుగు పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది, ఆ తరవాత ఆర్నెల్లకే పెళ్ళయింది. మా ఆయన బరంపురంలో ఒక ఆఫీసులో గుమస్తా. అందుకని కాపురం బరంపురంలో, ఉద్యోగం దిగపహండిలో, మధ్యలో బస్సు. నెల తప్పిందని అనుమానం రాగానే మా ఆయన పాత్రపూర్ దగ్గర పల్లెలో ఉన్న వాళ్ళమ్మకి కబురు పెట్టారు. (కబురంటే "ఓసారి రావే అమ్మా" అని మాత్రమే, ఎందుకో చెప్పకుండా.) అత్తకి చెప్పకుండానే అర్థమైంది. రెండు బస్సులు మారి, సంచీలో చింతపండూ ఉసిరికాయ పచ్చడీ పెట్టుకుని దిగింది. కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టింది. బొప్పాయి ముట్టుకోకూడదు, నువ్వులు తినకూడదు, నిండు బిందె ఎత్తకూడదు, సాయంత్రం పూట గుమ్మంలో కూర్చోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరితోనూ అనకూడదు. "మీ యమ్మతో గూడా ఇప్పుడే అనకు పిల్లా. మూడు నెల్లు నిండనీ, అప్పుడు నానే అందరికీ సెప్పుకుంటాను" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా మొహంలోకి చూడకుండా పచ్చడి జాడీ మూత బిగిస్తూ కూర్చుంది. నేనది పెద్దగా పట్టించుకోలేదు. మా ఆయన మాత్రం ఈ నియమాన్ని ఎంత భక్తిగా పాటించారంటే, పక్కింటివాళ్ళు చూస్తారేమోనని నిమ్మకాయలు చొక్కాలోపల దాచుకుని తెచ్చేవారు.

ఇక బస్సు సంగతి. బరంపురం దాటిన పావుగంటకి ఒక కాలవ మీద చిన్న వంతెన వచ్చేది. అక్కడిదాకా ఎలాగో ఓర్చుకునేదాన్ని. డీజిలు వాసన, డ్రైవరు బీడీ వాసన ఒక ఎత్తు, వెనక సీటు కింద ఎండుచేపల గంప ఒక ఎత్తు. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చి దిగపహండి సంతలో అమ్ముకునే ఒక పిన్నిది ఆ గంప (బస్సంతా ఆవిణ్ణి పిన్ని అనే పిలిచేది, నేనూ అంతే). వంతెన రాగానే నా కడుపులో పేగులన్నీ లేచి నిలబడేవి. మొదటి రోజు కిటికీలోంచి తల బయటపెట్టాను. రెండో రోజు "ఆపండి" అని అరిచాను. నాలుగో రోజుకి కండక్టరు భాయి నేను అడక్కముందే విజిలు ఊదాడు. పొడుగాటి ఒడియా మనిషి, ఎప్పుడూ బుగ్గలో పాను ఉండేది. బస్సు ఆగేది, నేను దిగి వంతెన పక్కకి పరిగెత్తేదాన్ని, బస్సెడు జనం ఓపిగ్గా అటువైపు పొలాలు చూస్తూ కూర్చునేవారు. తిరిగొచ్చాక అందరికీ వినపడేలా "నాకు బస్సు పడదండీ" అని ఒడియాలో ఓసారి, తెలుగులో ఓసారి చెప్పుకునేదాన్ని. అందరూ తలలు ఊపేవారు. నమ్మేశారనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

రెండో వారంలో ఎండుచేపల పిన్ని నా పక్కకొచ్చి కూర్చుంది. "పెళ్ళయి ఆర్నెల్లు ఈ బస్సులోనే ఎల్లినావు గదమ్మా, అప్పుడు పడిన బస్సు ఇప్పుడు పడకపోడమేటి? నాను ఐదుగుర్ని కన్నాను" అని చెవిలో చెప్పింది. నేను అవుననలేదు, కాదనలేదు. అనకపోతే చెప్పనట్టే కదా అని నా లెక్క. ఆ మర్నాటి నుంచి ఆవిడ గంప బస్సు పైకెక్కింది. ఆ వయసులో, చీర పైకి దోపుకుని, వెనక నిచ్చెన మీద తనే ఎక్కి కట్టేది, దిగేటప్పుడు తనే దింపుకునేది. నేను వద్దన్నా వినలేదు. కండక్టరు భాయి నన్ను తలుపు దగ్గర గాలొచ్చే సీటుకి మార్చాడు. ఎవరో తాతగారు రోజూ ఒక నారింజాకు తుంచి తెచ్చి, వాసన చూడమని ఇచ్చేవారు. పొద్దున్న మంచం దిగకముందే గుప్పెడు ముఢీ (మన మరమరాలే) నెమ్మదిగా నమలమని, ఒక్కసారే కడుపు నిండా తినకుండా కొంచెం కొంచెం తినమని పిన్ని చెప్పింది. నిజం చెప్పొద్దూ, అత్త పచ్చడికంటే ఆ ముఢీయే ఎక్కువ పనిచేసింది. ఒకరోజు మరీ నీరసపడి ఏడుపుమొహం పెడితే పిన్ని నా వీపు రాస్తూ, "బెంగెట్టుకోకమ్మా, వాంతులవుతున్నాయంటే లోపల గుంట గట్టిగా కూకున్నట్టే" అంది (వాళ్ళ మాటలో గుంటంటే బిడ్డ). ఆ మాటతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ తరవాత వాంతి అయిన ప్రతిసారీ మనసులో లోపలివాళ్ళని మెచ్చుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒక ఆదివారం అత్తా నేనూ కూరగాయలకి బజారు వెళ్ళాం. ఎదురుగా కండక్టరు భాయి, సెలవు రోజు కాబట్టి లుంగీలో. నన్ను చూసి చేతులు జోడించి, మా అత్తకి ఇంకా పెద్ద నమస్కారం పెట్టి, "మావుసి, మీ కోడల్ని పొద్దున్నే ఖాళీ కడుపుతో పంపకండి, మూడో నెల కదా" అని ఒడియాలో ఎంతో ఆప్యాయంగా చెప్పి వెళ్ళిపోయాడు. అత్త చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాం. తలుపు వేశాక అడిగింది.

"ఎవలెవలికి సెప్పినావు?"

"ఎవరికీ చెప్పలేదత్తా. కక్కేనంతే."

అత్త మంచం మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. రేపట్నుంచి తను కూడా బస్సులో వస్తానంది. ఎందుకో నాకు తెలియలేదు. వాళ్ళందరి కళ్ళూ ఎలాంటివో చూసుకోవాలి కాబోలనుకున్నాను.

సోమవారం అత్తతో కలిసి బస్సెక్కాను. వంతెన వచ్చింది, విజిలు మోగింది, బస్సు ఆగింది. అందరూ పొలాలకేసి తిరిగారు. నేను సీట్లోనే కూర్చున్నాను. ఏమీ రావడం లేదు. కడుపు నిమ్మళంగా, మడుగులా ఉంది. కాసేపు చూసి భాయి మళ్ళీ విజిలు ఊదాడు. వెనకెవరో తగ్గిపోయిందని సంతోషపడ్డారు. నాకు మాత్రం పిన్ని మాట గుర్తొచ్చింది. వాంతులుంటే బిడ్డ గట్టిగా ఉన్నట్టయితే, వాంతులు ఆగిపోతే ఏమైనట్టు? ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేకపోయాను. మంగళవారం కూడా రాలేదు. బుధవారం పొద్దున్న ముఢీ మానేసి ఖాళీ కడుపుతో బయల్దేరాను, అలాగైనా వస్తుందేమోనని. బస్సెక్కే ముందు పిన్నితో గంప లోపలే పెట్టమన్నాను. ఆవిడ తెల్లబోయి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నేను మూత తీసి వంగుని గుండెల నిండా వాసన పీల్చాను. వాంతి రాలేదు సరిగదా, నోట్లో నీళ్ళూరాయి. ఆ ఎండుచేపలు వంకాయతో కలిపి పులుసు పెడితే ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. దాంతో నా దుఃఖానికి అంతులేకపోయింది. గంప మీద చెయ్యి పెట్టుకుని అందరి ముందూ భోరుమన్నాను.

"ఏటైనాది పిల్లా?" అని అత్త భుజం పట్టుకుంది. ఏడుపులోనే, మూడు రోజుల్నుంచి వాంతులు లేవనీ, బిడ్డ పోయిందనీ చెప్పాను. అత్త, అంతవరకూ బస్సులో ఎవరితోనూ మాట్లాడని మనిషి, లేచి నిలబడి కండక్టరుతో, వచ్చీరాని ఒడియాలో, మమ్మల్ని వెనక్కి పంపమని అడిగింది. ఆయన ఎదురొచ్చే బరంపురం బస్సుకి రోడ్డు మధ్య నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుని దింపింది, ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళే. తాను అన్న మాట ఇంత పని చేస్తుందని ఆవిడకేం తెలుసు పాపం.

బరంపురంలో డాక్టరమ్మ పెద్దావిడ, తక్కువ మాట్లాడే మనిషి. నన్ను పడుకోబెట్టి, పొత్తికడుపు నొక్కి చూసి, రక్తం ఏమైనా కనిపించిందా, కడుపులో నొప్పి ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆకలి ఎలా ఉందని అడిగింది. సిగ్గుపడుతూ ఎండుచేపల సంగతి చెప్పాను. మొదటిసారి నవ్వింది. గర్భం ఎన్ని నెలలకి ఎంత పెరగాలో అంత పెరిగిందనీ, మూడో నెల నిండుతుంటే చాలామందికి వేవిళ్ళు వాటంతటవే తగ్గుతాయనీ, కొందరికి అసలు రావనీ, వాటితో బిడ్డ బలం కొలవకూడదనీ చెప్పింది. రక్తం కనిపించినా, విడవకుండా నొప్పి వచ్చినా, మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా ఆలస్యం చెయ్యకుండా రమ్మంది. మిగతా రోజుల్లో తిను, నిద్రపో, బడికి వెళ్ళు, అంతే అంది. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదని కోప్పడింది కూడా. రహస్యమండీ అనబోయి ఊరుకున్నాను.

లేచి వచ్చేస్తుంటే అత్త ఆగిపోయి, డాక్టరమ్మని నెమ్మదిగా అడిగింది. "అమ్మా, ముందే నలుగురికీ సెప్పేస్తే పోతాదంటారు. నిజమేనా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి అత్తకేసి చూసింది. ఎవరి నోటివల్లా, ఎవరి కంటివల్లా పోదనీ, మొదటి నెలల్లో కొన్ని నిలవవనీ, చాలాసార్లు అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదనీ చెప్పింది. అత్త తల ఊపింది.

బయట వరండాలో బెంచీ ఉంటే కూర్చున్నాం. అత్త కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నాకు కాకుండా ఎదుటి గోడకి చెప్తున్నట్టు మాట్లాడింది. మా ఆయనకన్నా ముందు ఒకరున్నారట. రెండో నెలలోనే సంబరం ఆగక ఊరంతా చెప్పేసుకుందట. మూడో నెలలో పోయింది. "సెప్పడం వల్ల పోనాదని నాకూ నమ్మకం లేదు పిల్లా. పోనాక మళ్ళీ ఇంటింటికీ నానే సెప్పుకోవలసొచ్చింది. ఏమైనాదీ, ఏటి తిన్నావూ, ఏటి ఎత్తినావూ అని అడిగినోళ్ళకల్లా. అది నీకొద్దనుకున్నాను" అంది. ఆ సంగతి మా ఆయనకి కూడా తెలియదు. ఆ తరవాత ఇన్నేళ్ళలో మళ్ళీ ఎవరితోనూ అనలేదట.

అలాంటి మాట విన్నప్పుడు మనిషన్నది ఏదో ఒకటి అనాలి. కనీసం చెయ్యి పట్టుకోవాలి. నేనేం చేశానంటే, కళ్ళు తుడుచుకుని, "అత్తా, ఆకలేస్తోంది" అన్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు మరి. అత్త ముక్కు చీదుకుని నవ్వడం మొదలుపెట్టింది. పుట్టాక హోటలు గడప తొక్కని మనిషి, నన్ను వీధి చివరి హోటలుకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెట్టింది. నేను బరాలు (మన గారెలే), బఠానీల ఘుగ్ని రెండు ప్లేట్లు తిన్నాను. మూడో ప్లేటుకి తనూ ఒక బరా తుంచుకుని, ఉప్పు తక్కువైనాదంది.

నా పెద్దకూతురు నెలలు నిండి, తలనిండా జుట్టుతో పుట్టింది. అంతకుముందు, నాకు మూడో నెల నిండిన మర్నాడే అత్త అన్న మాట ప్రకారం అందరికీ చెప్పుకుంది. (బస్సువాళ్ళకి కూడా వెళ్ళి చెప్పింది. వాళ్ళు చాలా మర్యాదగా ఆశ్చర్యపోయారు.) అత్త పోయి చాలా ఏళ్ళయింది. అప్పట్లో ఆవిణ్ణి ముసలావిడ అనుకునేదాన్ని, ముసలివాళ్ళ చాదస్తం అనుకునేదాన్ని. మొన్నెప్పుడో కూర్చుని లెక్కేస్తే, ఆ బెంచీ మీద కూర్చున్ననాడు ఆవిడకి నలభై ఆరు. ఇవాళ నా చిన్నకూతురు అంతకంటే పెద్దది, దానికి నేనింకా జడ బిగించి వేసుకోమని చెప్తూంటాను. ఆ ఇరవై రెండేళ్ళ టీచరమ్మ కనిపిస్తే నెత్తి మీద ఒక్కటి మొట్టి, ముందా చెయ్యి పట్టుకోవే, తిండి తరవాత అనాలనిపిస్తుంది. అయితే ఆ పిల్ల మాట వింటుందని నాకేం నమ్మకం లేదు. దానికి నిజంగానే ఆకలేస్తోంది.