థీసిస్‌లో లేని పన్నెండు పేజీలు

పీహెచ్‌డీలో చేరి ఆరేళ్లు దాటేసరికి మా స్టాఫ్ రూములో నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు. "డాక్టరమ్మా, ఎందాక వచ్చింది?" అనేవారు. మొదట్లో ముద్దుగానే ఉండేది. తర్వాత తర్వాత ఆ మాట వినాల్సి వస్తుందని లంచ్ బెల్లు కొట్టినా తరగతి గదిలోనే కూర్చుని తినేదాన్ని.

నేను గోదావరిఖనిలో హైస్కూలు లెక్కల టీచర్ని. పరిశోధన కూడా లెక్కల బోధన మీదే. తొమ్మిదో తరగతి పిల్లలకు గణితం అంటే ఉన్న ఇష్టాయిష్టాలకు, వాళ్ల మార్కులకు సంబంధం ఏమిటన్నది నా టైటిల్. అది నేను ఎంచుకున్నది కాదు. గైడు సారు ఇచ్చారు. ఇలాంటివైతే తొందరగా పూర్తవుతాయన్నారు. ఇష్టాల మీద కొన్ని, లెక్కలు కొన్ని కలిపి నలభై ప్రశ్నల పత్రం పట్టుకుని షేర్ ఆటోల్లో స్కూళ్లు తిరిగి పిల్లల చేత టిక్కులు పెట్టించాను. లెక్కకు పెట్టిన టిక్కు సరైతే ఒకటి, తప్పైతే సున్నా. ఆ ఒకట్లను, సున్నాలను కంప్యూటర్లో ఎక్కించడానికే నా ఆదివారాలన్నీ పోయాయి.

మా స్కూలు పిల్ల ఒకామె, ఎనిమిదింట ఒక వంతు, నాలుగింట ఒక వంతు కంటే పెద్దదని టిక్కు పెట్టింది. పిలిచి ఎందుకని అడిగాను.

"ఎనిమిది పెద్దది కద మేడం" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

నా పట్టికలో అది సున్నా. ఆమె అలా ఎందుకు అనుకుందో రాయడానికి అందులో గడి లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పత్రాలు ముందేసుకుని కూర్చుంటే బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. మా నాన్న భూగర్భ బొగ్గుగనిలో చేసి రిటైరయ్యాడు. చదివింది మూడో తరగతి.

"ఏంది బిడ్డా, గంత సేపు చూస్తున్నవ్?"

ప్రశ్న చదివి వినిపించాను. బాపు నవ్వాడు.

"గిదేం లెక్క? మాది వన్ ఇన్ ఫోర్ బాయి, ఎక్కితే మోకాళ్లు పట్టేస్తయ్. వన్ ఇన్ ఎయిట్ అయితే ముచ్చట పెట్టుకుంట ఎక్కచ్చు. కింది నంబరు పెరిగితే వాలు తగ్గుతది. కాళ్లకు తెల్వదా?"

బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. అందులో నాలుగడుగులు ముందుకు పోతే ఒక అడుగు లోతుకు దిగే దారి వన్ ఇన్ ఫోర్. ఎనిమిదడుగులకు ఒకటైతే వన్ ఇన్ ఎయిట్. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాటే. అది భిన్నమని లెక్కల టీచర్నైన నాకు ఒక్కసారీ తట్టలేదు.

మర్నాడు స్కూలు వరండాలో రెండు చోట్ల ఒక్కో ఇటుక నిలబెట్టి, ఒకదాని మీదికి పొట్టి చెక్క, ఇంకోదాని మీదికి పొడుగు చెక్క ఏటవాలుగా ఆనించాను. పిల్లలు దూరాలు కొలిచారు, బంతులు దొర్లించారు. సున్నా వచ్చిన ఆ పిల్ల చాలాసేపు రెండు చెక్కల మధ్య గొంతుక్కూర్చుని చూసింది.

"ఇటుక గంతే ఉంది మేడం. దూరం పెరిగింది. అందుకే వాలు చిన్నగైంది" అంది. తర్వాత తనే గోడ దగ్గరికి వెళ్లి నాలుగింట ఒకటి, ఎనిమిదింట ఒకటి, పదహారింట ఒకటి వరసగా సుద్దతో రాసింది.

ఆరేళ్లలో నేను పరిశోధన చేస్తున్నానని అనిపించింది ఆ ఒక్క రోజే. వారంలో పన్నెండు పేజీలు రాశాను. బాపు మాట, పిల్ల మాట, ఉన్నవి ఉన్నట్టే రాసి, పొద్దున బస్సెక్కి యూనివర్సిటీకి తీసుకెళ్లాను.

గైడు సారు అన్ని పేజీలూ చదివారు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"బాగుందమ్మా. ఇది నీ టైటిల్‌లో ఉందా?"

"లేదు సార్."

"మరి ఎక్కడ పెడ్తవ్?"

"టైటిల్ మార్చుకుంటాను సార్."

"మారిస్తే మళ్లా మొదటి నుంచి రిజిస్ట్రేషన్. నీకు ఇచ్చిన ఆఖరి గడువు ఇంకెన్ని నెలలుంది?"

నాలుగు నెలలుంది. ఆయన గొంతు తగ్గించి, "నాకూ గిట్లనే అయింది. ముందు పట్టా తీసుకో. తర్వాత నీ ఇష్టమొచ్చింది రాసుకో" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని తిరుగు ప్రయాణమంతా ప్రయత్నించాను, రాలేదు.

మానేద్దామనీ అనుకున్నాను. డిపార్టుమెంటు అనుమతి తీసుకుని చేస్తున్న చదువు. స్కూల్లో అందరికీ తెలుసు. బాపు టీ కొట్టు దగ్గర కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు. మానేస్తే వీళ్లందరికీ జవాబు చెప్పాలి. మానకపోతే నేను నమ్మని పుస్తకం పూర్తి చేయాలి. రెండోదే తేలిగ్గా కనబడింది. టైటిల్లో మార్పు లేదని రాసిచ్చి సంతకం పెట్టాను. ఆ నాలుగు నెలలూ పట్టికలే టైపు చేశాను. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు అదిరినప్పుడే తలెత్తేదాన్ని.

"నేను చెప్పింది రాసినవా బిడ్డా?" అని బాపు మధ్యలో ఒకసారి అడిగాడు.

"రాసిన బాపూ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

థీసిస్ సమర్పించాక వైవా అరగంటలో అయిపోయింది. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు రెండు ప్రశ్నలడిగి అభినందించారు. స్కూల్లో శాలువా కప్పారు. ఫొటోల్లో నవ్వుతూనే ఉన్నాను.

ఆ తర్వాతి వారం బాపు తనతో పాటు ఒకే షిఫ్టులో పనిచేసిన, నేను కాకా అని పిలిచే ఇద్దరిని ఇంటికి తీసుకొచ్చాడు. నల్ల అట్ట వేసిన థీసిస్ నా చేతిలో పెట్టి, "నా ముచ్చట ఉన్న పేజీ తియ్" అన్నాడు. అదంతా ఇంగ్లీషు, ముగ్గురిలో ఎవరికీ రాదు. ఏదో పట్టిక ఉన్న పేజీ తెరిచాను.

"మాకు తెలుగుల చదువు బిడ్డా" అన్నాడు ఒక కాక.

పట్టిక మీద వేలు పెట్టి, ఆ పన్నెండు పేజీల్లో రాసిందంతా జ్ఞాపకం మీద చెప్పుకుంటూ పోయాను. వాలు, ఇటుకలు, ఆ పిల్ల గోడ మీద రాసిన వరస. బాపు మధ్య మధ్య తల ఊపుతున్నాడు. నేను పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతున్నాను కూడా.

అంతా విని రెండో కాక అడ్డుపడ్డాడు. "మా బాయి వన్ ఇన్ ఫోర్ కాదు, వన్ ఇన్ ఫైవ్ ఉండె. మీ బాపు మర్చిండు. పుస్తకంల తప్పు పడతది, దిద్దుకో."

"దిద్దుకుంట కాకా" అని పెన్ను తీసి, ఆ పట్టిక పక్కన ఖాళీలో వన్ ఇన్ ఫైవ్ అని రాశాను.