మూత తీస్తేనే నూనె

1956లో, ఆ ఏటి కొత్త పంట శెనక్కాయలు మిల్లులకు రావడం మొదలైన రోజుల్లో, నంద్యాలలోని ఒక నూనె మిల్లులో మెకానికల్ ఫోర్‌మన్‌గా చేరాను. ఫోర్‌మన్ అంటే ఇంజనీరుకు కింద, ఫిట్టర్లకు పైన. మా మిల్లులో ఇంజనీరు లేడు కనుక, ఏ యంత్రం ఆగినా మాట పడేది నేనే. యజమాని చెన్నారెడ్డిగారికి ఆళ్లగడ్డలో మరో చిన్న మిల్లు ఉండేది. అక్కడ ఆడిన పచ్చి నూనె ట్యాంకరు లారీలో మా దగ్గరికి వస్తే, మేము వడగట్టి రైలుకెక్కించేవాళ్లం.

ట్యాంకరు మస్తాన్‌ది. వేలంలో మిలిటరీ లారీ కొని, తమ్ముడితో కలిసి దాని మీద రేకు ట్యాంకు కట్టించుకున్నాడు. ఆ చుట్టుపక్కల అలాంటి బండి అదొక్కటే. రెండు కుటుంబాలకూ అదే ఆధారం.

నూనె దించడమంటే అప్పట్లో ఒక తతంగం. ఇద్దరు ట్యాంకు పైకెక్కి మూత తీసి, తాడు కట్టిన డబ్బాలతో తోడేవారు. కింద నలుగురు అందుకుని తొట్టిలో పోసేవారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటేది. నేలంతా జిడ్డు. నేను చేరిన కొత్తలోనే సుంకన్న అనే కూలీ పైనుంచి జారిపడి చేయి విరగ్గొట్టుకున్నాడు.

అందుకే పంపు పెట్టిద్దామన్నాను. చెన్నారెడ్డిగారు సరేనన్నారు. ఆయిలింజనుకు బెల్టుతో పంపు తగిలించి, రబ్బరు గొట్టాన్ని ట్యాంకు అడుగునున్న కొళాయికి బిగించాను. ఇక ఎవరూ పైకెక్కనక్కర్లేదని అందరం సంబరపడ్డాం. చెన్నారెడ్డిగారు కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నారు.

పంపు బ్రహ్మాండంగా లాగింది. కాసేపటికి ట్యాంకు మూలగడం మొదలుపెట్టింది. పక్క రేకు టప్పుమని లోపలికి నొక్కుకుపోయింది.

"ఆపు సారూ, ఆపు! నా బండిని పీల్చేస్తాండాది!" అని మస్తాన్ కేక పెట్టాడు.

బెల్టును ఖాళీ చక్రం మీదికి తోశాను. పంపు ఆగింది. దారిలో నూనె చిందకుండా, దుమ్ము పడకుండా మస్తాన్ మూత గట్టిగా బిగించి, గాలి రంధ్రంలో గుడ్డ కుక్కి తెచ్చాడు. నూనె బయటికి పోతోంది, దాని చోట్లోకి గాలి రావడానికి దారి లేదు. బయటి గాలి ఒత్తిడికి రేకు నలుగుతోంది. మస్తాన్ పైకి పాకి గుడ్డ పీకగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. వెంటనే రేకు ఢామ్మంటూ యథాస్థానానికి వచ్చింది. గింజలు ఏరుతున్న ఆడవాళ్లు బాంబు పేలిందనుకుని గేటు దాకా పరిగెత్తారు. వాళ్ల కంటే ముందు గేటు చేరింది చెన్నారెడ్డిగారు. ఆ సంగతి తలచుకుని మిల్లంతా ఆ వారం నవ్వుతూనే ఉంది.

మస్తాన్ మాత్రం నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి బండి రాలేదు. ఆళ్లగడ్డలో పీపాలు నిండిపోతున్నాయి, ఇక్కడ వడపోత ఆగిపోయింది. నేనే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను.

ముందు అన్నం పెట్టాడు. తర్వాత మాట్లాడాడు. "మీ పంపు బలంగానే ఉండాది సారూ. నా ట్యాంకే సాలదు. అది నలిగి మూలబడితే మేము రెండిండ్లోళ్లం ఏం తినాల?"

మూత తీయమని పెద్ద అక్షరాలతో బోర్డు రాయిస్తానన్నాను.

"నాకు సదువు రాదు. సదువొచ్చినోళ్లు బోర్డు యాడ సూస్తారు? డబ్బాలతో తోడేటప్పుడు ఈ బాధే లేదు గదా."

ఆ మాటతో నా చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది. అప్పుడెందుకు లేదు? మూత తీయకపోతే డబ్బా లోపలికి దిగదు కనుక. మరి గొట్టాన్నీ పైనుంచే దింపితే? ఆ మాటే పైకి అన్నాను.

మస్తాన్ "మళ్లా పైకెక్కాలంటావే! సుంకన్న పడింది ఆడ్నుంచే గదా?" అన్నాడు.

"మనిషి లారీ ఎక్కనక్కర్లేదు. ట్యాంకు ఎత్తున మెట్లతో మంచె కట్టిస్తాను. చుట్టూ పట్టుకునే కమ్మీలు పెట్టిస్తాను."

"అట్లయితే బండి తెస్తా. తొలిసారి పంపు కాడ నేనే నిలబడతా."

మంచె కట్టించాను. గొట్టం కొసకు, ఎత్తిన నూనె వెనక్కి జారిపోకుండా ఆపే ఫుట్ వాల్వు బిగించాను. అడుగున మిగిలే కొద్దిపాటి నూనెను చివర్లో కొళాయి విప్పి వంపుకునేవాళ్లం. మస్తాన్ అన్నట్టే పంపు పక్కన నిలబడి, చెవి రేకుకు ఆనించి మొత్తం విన్నాడు. నూనె దిగాక, "ఈసారి కిక్కురుమన్లేదప్పా!" అని మొదటిసారి నవ్వాడు. పూటకు పైగా పట్టే పని టీ తాగి వచ్చేలోగా అయిపోయేది. చేయి అతుక్కున్నాక మంచె మీది పని సుంకన్నే అడిగి తీసుకున్నాడు. నేను అక్కడున్నన్నాళ్లూ ఎవరూ జారిపడలేదు.

కొత్త యంత్రం పెట్టేటప్పుడు పాత పద్ధతిలోని ఆలస్యాన్నే చూస్తాం. అందులో ఎవరూ చెప్పకుండానే ఇమిడి ఉన్న జాగ్రత్తను చూడం. అది పోతే బోర్డు రాసి తేలేం, పనిలోనే మళ్లీ అమర్చాలి. ఆ తర్వాత నేను పనిచేసిన మిల్లుల్లో ఏ పాత పద్ధతినైనా తీసేసే ముందు, అది ఇన్నాళ్లూ దేన్ని ఆపుతూ వచ్చిందో అడిగి తెలుసుకునేవాణ్ని.