నాన్న కాచుక్కూర్చున్న చిన్న డబ్బా

మా చిన్నప్పుడు... మా నాన్న ఏడాదికోసారి ఒక కంప్యూటర్ కంపెనీ కోసం కొబ్బరికాయ కొట్టేవాడు. నవ్వకండి. కెనడాలో, విండ్సర్‌లో మా అద్దె ఇంటి గుమ్మం మెట్టు మీద, ఫ్యాక్టరీ జాకెట్ వేసుకుని మరీ కొట్టేవాడు.

ఆ రోజు కంపెనీ వాళ్ళ లైవ్ షో. కొత్త మోడళ్ళు చూపిస్తారు. నాన్న వారం ముందే షిఫ్టు మార్చుకునేవాడు. నాకు కడుపునొప్పి అని స్కూలుకి తనే ఫోన్ చేసేవాడు. ఒంటిగంటకల్లా ఇద్దరం పీటలేసుకుని టీవీ ముందు హాజరు... అమ్మ మాత్రం వంటింట్లోంచే, "ఏమండీ, అసలు ఆ కంపెనీవాడికి మీరెవరో తెలుసా?" అని దెప్పుతూ ఆ కొబ్బరితో పచ్చడి చేసేసేది.

మా ఇంట్లో వాళ్ళదే ఒక బుల్లి కంప్యూటర్ ఉండేది. పోపుల డబ్బా అంత. మానిటరు, కీబోర్డు మనమే తగిలించుకోవాలి. కాకినాడలో నాన్న మెషీన్ పార్టులకి డ్రాయింగులు గీసేవాడు. ఇక్కడికొచ్చాక కార్ల ఫ్యాక్టరీ లైన్లో బోల్టులు బిగించే పని దొరికింది. ఎప్పటికైనా మళ్ళీ డ్రాయింగ్ ఉద్యోగంలోకి వెళ్ళాలి... అదొక్కటే ఆశ. షిఫ్టు దిగి రాగానే ఆ డబ్బా ముందు కూర్చుని చేతి అలవాటు తప్పకుండా ఏదో ఒకటి గీసుకునేవాడు.

రెండేళ్ళకే అది చతికిలబడింది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాక, ఒక గీత గీసి టీ తాగొచ్చినా ఆ గీత తెర మీదికి వచ్చేది కాదు. పోనీ మెమరీ పెంచుదామా అంటే, పీకడానికి వీల్లేకుండా అతికించేశారు దరిద్రులు! మరి కొత్త మోడల్ తేవాలా వద్దా? ఒక ఏడు ఫోను చూపించారు. ఇంకో ఏడు ఇంకా సన్నటి ఫోను. తర్వాత వాచీ. మా డబ్బా పేరు కూడా ఎత్తలేదు. అమ్మడం మాత్రం మానలేదండోయ్... ఆ పాతదే, కొత్తదాన్ని అమ్మినట్టు అమ్మేవాళ్ళు. వాళ్ళ మొహం మండ!

నాన్న మాత్రం, "మనవాడు ఊరుకోడే చిన్నీ, వచ్చేసారి దించుతాడు చూడు" అనేవాడు. మనవాడట! అభిమాన హీరో కొత్త సినిమా కోసం పడిగాపులు పడ్డం అలవాటైన ప్రాణం కదా... కంపెనీకీ అదే భక్తి. పక్క హీరోని వెక్కిరించడం కూడా ఉండేది. నాన్నతో పాటు లైన్లో పనిచేసే మూర్తి అంకుల్ దగ్గర వేరే కంపెనీ పెద్ద కంప్యూటర్ ఉండేది. అంకుల్ కనిపిస్తే చాలు, "ఏంటి మూర్తీ, నీ బీరువా ఇంకా బతికే ఉందా?" అని ఏడిపించేవాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఊళ్ళోనే ఒక డిజైన్ ఆఫీసువాళ్ళు నాన్నకి టెస్టు ఇచ్చారు. ఇంట్లోనే కూర్చుని ఒక పార్టుకి డ్రాయింగులన్నీ గీసి పంపాలి. శుక్రవారం ఇచ్చారు, గురువారానికల్లా పంపాలి. మధ్యలో మంగళవారం కంపెనీ షో. చిన్న డబ్బా ఈసారి ఖాయం అని ఇంటర్నెట్ నిండా పుకార్లు.

మా డబ్బాలో ఆ ఫైల్ తెరుచుకోవడమే గగనమైంది. శనివారం పొద్దున్నే మూర్తి అంకుల్ వచ్చాడు. "మా ఇంటికొచ్చెయ్ గురూ. గురువారం దాకా నా మెషీన్ నీదే అనుకో."

నాన్న నవ్వేశాడు. "నీ బీరువా మీద నేనా? మంగళవారం కొత్తది వస్తోంది మూర్తీ. ఆ సాయంత్రమే కొనేసి, ఒక్కరోజులో గీసి పడేస్తా."

అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "భేషజాలకి పోకండి. అన్నయ్యగారింటికి వెళ్ళి పని చూసుకోండి."

వింటేగా! శని, ఆది, సోమ... మూడు రోజులు ఆ ఫైల్ జోలికే పోలేదు.

మంగళవారం వచ్చింది. రెండు గంటల షో. వాచీలకి కొత్త రంగుల పట్టీలు చూపించారు. పట్టీలు! నాన్న మాత్రం, "ఉండవే, ఆఖర్న చెప్తాడు" అంటూ కదల్లేదు. ఆఖర్న ఏదో పాట పెట్టి, అందరికీ థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు.

"ఇప్పుడైనా వెళ్ళండి" అంది అమ్మ.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?" అన్నాడు నాన్న.

బుధవారం సెలవు పెట్టి ఆ పాతదాంతోనే కుస్తీ పట్టాడు. ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కలేదు. గురువారం సగం డ్రాయింగులే పంపాడు. వారం తిరక్కుండా "వేరేవాళ్ళని తీసుకున్నాం" అని ఈమెయిల్. అది రెండుసార్లు చదివి, లంచ్ బాక్స్ సర్దుకుని షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకే ఆఫీసుకీ అప్లై చేయలేదు.

కంపెనీ మీద నాకు ఒళ్ళు మంట. నాన్న మీద కూడా ఉంది, దాచడమెందుకు? అంకుల్ ఇల్లు మాకు పది నిమిషాల నడక.

కొన్నేళ్ళకి, నేను గ్వెల్ఫ్‌లో చదువుకుంటుండగా, ఆ మహానుభావులు తీరిగ్గా కొత్త డబ్బా దించారు. ఎగిరి గంతేసి ఫోన్ చేశా. నాన్న ఫ్యాక్టరీలో బ్రేక్‌లో ఉన్నాడు.

"నాన్నా, వచ్చేసింది! మెమరీ కూడా మనమే పెంచుకోవచ్చట! కొందామా?"

"నాకిప్పుడు గీయడం రాదే చిన్నీ" అన్నాడు. బెల్లు మోగింది. పెట్టేశాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ డబ్బాని గాలికొదిలేశారట. గ్రూపుల్లో కుర్రాళ్ళు "ఈసారైనా వస్తుందా" అని దేవుళ్ళకి మొక్కుతున్నారు. ఒరే నాయనా... ఎవరి బీరువా దొరికితే దాని మీద పని కానిచ్చుకోండ్రా! ఒకప్పుడు ఆ షో అంటే మా ఇంట్లో పండగ. ఇప్పుడు అది ఏ నెలలో వస్తుందో కూడా నాన్నకి తెలీదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఏ కంపెనీనో నమ్ముకుని కాలం పోగొట్టుకున్నారా? కామెంట్లలో చెప్పండి... కలిసి తిట్టుకుందాం.